బ్రిగమ్ యంగ్: ప్రవక్త పోయాక మిగిలిన సంఘాన్ని నిలబెట్టిన వడ్రంగి

మార్మన్ అన్న మాట వినగానే చాలామందికి రెండు సంగతులు కలగాపులగంగా గుర్తొస్తాయి. ఒకటి బంగారు రేకుల మీద దొరికిందని చెప్పే గ్రంథం, రెండోది యాభై మందికి పైగా భార్యలున్న నాయకుడు. ఈ రెండింటినీ ఒకే మనిషికి అంటగట్టడం మామూలే. గ్రంథాన్ని 1830లో ప్రచురించి సంఘాన్ని స్థాపించినవాడు జోసెఫ్ స్మిత్. అతను 1844లో గుంపు దాడిలో చనిపోయాక, చెల్లాచెదురు కావాల్సిన అనుచరుల్ని ఎడారి అంచుకు నడిపించి, 30 ఏళ్ళు వాళ్ళను ఏలినవాడు బ్రిగమ్ యంగ్. సంఘం తనను మార్మన్ అని పిలవొద్దని, 'కడవరి దినాల పరిశుద్ధుల యేసుక్రీస్తు సంఘం' అనే పూర్తి పేరు వాడాలని 2018లో కోరడంతో పేర్ల తికమక మరికొంత పెరిగింది.

క్లుప్తంగా

యంగ్ కొత్త సిద్ధాంతాలు కనిపెట్టిన మనిషి కాదు. స్మిత్ వదిలివెళ్ళిన ఆలోచనలకు కొలతలు, వంతులు, బాధ్యులు, పద్దులు తగిలించాడు. వలస, సాగునీరు, ఊళ్ళ నిర్మాణం ఆ పద్ధతి మీదే నడిచాయి. కబురు చేరడానికి వారాలు పట్టే దూరంలోనూ, కింది మనిషి కాదనలేని చోటా అదే పద్ధతి మనుషుల ప్రాణాలు తీసింది. 1856 చేతిబండ్ల విషాదం మొదటి లోపానికి, రెండోదానికి కూడా ఉదాహరణ. 1857 మౌంటెన్ మెడోస్ ఊచకోత ఇంకా చీకటి ఉదాహరణ.

పదకొండు రోజుల బడి

యంగ్ 1801 జూన్ 1న వర్మాంట్ రాష్ట్రంలోని విటింగమ్‌లో పుట్టాడు. 11 మంది పిల్లల్లో తొమ్మిదోవాడు. 14వ ఏట తల్లి క్షయతో పోయింది. బడికి వెళ్ళింది మొత్తం 11 రోజులని తనే చెప్పుకునేవాడు. న్యూయార్క్ రాష్ట్రంలో వడ్రంగం, రంగులు వేయడం, కిటికీలకు అద్దాలు బిగించడం నేర్చి, వాటి మీదే బతికాడు.

స్మిత్ గ్రంథం 1830లోనే అన్న ద్వారా ఇంటికొచ్చినా, దాన్ని తిరగేసి, దాన్ని నమ్మినవాళ్ళను గమనించి, సుమారు రెండేళ్ళ తర్వాత 1832 ఏప్రిల్‌లో బాప్తిస్మం తీసుకున్నాడు. అదే ఏడాది భార్య మిరియమ్ కూడా క్షయకు బలైంది. ఇద్దరు ఆడపిల్లలతో మిగిలిన యంగ్ ఒహాయోలోని కర్ట్‌లండ్‌కు వెళ్ళి స్మిత్ చెంత చేరాడు. 1834లో మేరీ ఆన్ ఏంజెల్‌ను పెళ్ళాడాడు.

అదే సంవత్సరం స్మిత్ సుమారు 200 మందిని వెంటబెట్టుకుని, మిస్సౌరీలో ఇళ్ళు కోల్పోయిన అనుచరుల కోసం 900 మైళ్ళు నడిపించాడు. పోయిన పని కాలేదు, దారిలో కలరా సోకింది. చాలామంది దాన్ని విఫలయాత్ర అన్నారు. యంగ్ మాత్రం ఆ గుంపును ఎలా విడగొట్టారు, ఎవరు దేనికి జవాబుదారీ, ఎక్కడ తగాదా పుట్టింది అన్నవి చూశాడు. మరుసటి ఏడాది, 1835 ఫిబ్రవరిలో, పన్నెండుమంది అపొస్తలుల మండలిలో అతనికి చోటు దక్కింది.

ఆ పాఠం వెంటనే అక్కరకొచ్చింది. 1838 అక్టోబరు 27న మిస్సౌరీ గవర్నర్ బాగ్స్, మార్మన్లను నిర్మూలించాలి లేదా రాష్ట్రం నుంచి తరిమేయాలి అని ఉత్తర్వు ఇచ్చాడు. స్మిత్ జైల్లో పడ్డాడు. పేదల్ని వదిలి ఎవరూ ముందు దాటిపోకూడదని ఇంటింటి చేత సంతకాలు పెట్టించి, ఆ చలికాలంలో వేలమందిని ఇల్లినాయ్‌లోని క్విన్సీ వైపు చేర్చిన పనిలో ముందున్నవాడు యంగ్.

ఇంగ్లండ్ సంపాదన

1840 ఏప్రిల్ 6న యంగ్ లివర్‌పూల్‌లో దిగాడు. అప్పటికి పారిశ్రామిక ఇంగ్లండ్‌లో నేతపనివాళ్ళు, కుమ్మరి బట్టీల కూలీలు, గని కార్మికులు గడ్డు రోజుల్లో ఉన్నారు. ఏడాదిలో అపొస్తలులు గ్రంథాన్ని వేల ప్రతులు అచ్చువేశారు, పాటల పుస్తకం తెచ్చారు, పత్రిక మొదలుపెట్టారు. వేల సంఖ్యలో కొత్త సభ్యులు చేరారు. ఓడలో చోటు మాట్లాడి, బేరమాడి, గుంపుకొక పెద్దను నియమించి అమెరికాకు పంపే ఏర్పాటు కూడా అప్పుడే పుట్టింది.

ఇల్లినాయ్‌లో స్మిత్ స్థాపించిన నావూ నగరానికి అలా వచ్చిన బ్రిటిష్ కుటుంబాలకు సంఘం అంటే మొదట గుర్తొచ్చేది అపొస్తలుల ముఖాలు. తర్వాతి వారసత్వ పోటీలో ఇది పనిచేసింది.

1844 ఆగస్టు 8

1844 జూన్ 27న ఇల్లినాయ్‌లోని కార్తేజ్ జైల్లో స్మిత్‌నూ, అతని అన్న హైరమ్‌నూ దుండగులు కాల్చి చంపారు. యంగ్ అప్పుడు తూర్పు తీరంలో ప్రచారంలో ఉన్నాడు. ఆగస్టు 6న నావూ చేరేసరికి సిడ్నీ రిగ్డన్ ముందే వచ్చి ఉన్నాడు. స్మిత్‌తో కలిసి సంఘాన్ని నడిపిన ప్రథమ అధ్యక్షమండలిలో మిగిలినవాడు రిగ్డనే. సంఘానికి సంరక్షకుడిగా తనను ఒప్పుకోమన్నాడు.

స్మిత్ బతికుండగా వారసత్వం గురించి ఒకే మాట చెప్పలేదు. కొడుకు, అన్న, సలహాదారు, అపొస్తలులు... ఎవరి వైపు వాదించినా ఏదో ఒక ఆధారం దొరికేది. ఆగస్టు 8 సభలో యంగ్ తానే ప్రవక్తనని చెప్పుకోలేదు. అధికారపు తాళంచెవులు పన్నెండుమంది దగ్గర ఉన్నాయి, సగంలో ఆగిన ఆలయాన్ని పూర్తిచేసి అందులో క్రతువులు జరిపించగలిగేది వాళ్ళే అన్నాడు. ఒక మనిషి బదులు ఒక మండలిని ఎన్నుకోమన్నాడు. జనం చేతులెత్తారు. ఆ రోజు యంగ్ గొంతు, ముఖం స్మిత్‌లా మారిపోయాయని తర్వాతి కాలంలో చాలామంది రాశారు. ఆ వర్ణనలు సభ నాటి డైరీల్లో కాక, ఏళ్ళు గడిచాక రాసిన జ్ఞాపకాల్లోనే ఎక్కువగా కనిపిస్తాయి.

ఓటు ఒక్కటే అయితే ఆ గెలుపు నిలిచేది కాదు. మర్నాడే సంఘం ఆస్తులకు ధర్మకర్తలను నియమించారు. సభ్యులు ఆదాయంలో పదో వంతు ఇచ్చే దశమభాగం వసూళ్ళు, ఆలయం పనివాళ్ళ పంపకం పన్నెండుమంది చేతికి వచ్చాయి. సెప్టెంబరులో రిగ్డన్‌ను వెలివేశారు. ఆలయం పైఅంతస్తు సిద్ధం కాగానే 1845 డిసెంబరు నుంచి రెండు నెలల్లో 5,000 మందికి పైగా అక్కడ క్రతువులు జరిపించారు. యంగ్ రాత్రింబవళ్ళు అక్కడే ఉన్నాడు. ఆ క్రతువుల్లో ప్రమాణాలు చేసినవాడు ఇక యంగ్ వెంట నడుస్తాడు. మిగిలినవాళ్ళు వేరే దారులు పట్టారు. జేమ్స్ స్ట్రాంగ్ విస్కాన్సిన్‌లో తన గుంపును పెట్టుకున్నాడు. నావూలోనే ఉండిపోయిన స్మిత్ భార్య ఎమ్మా, పిల్లల చుట్టూ చేరినవాళ్ళు 1860లో మూడో జోసెఫ్ స్మిత్ నాయకత్వంలో వేరే సంఘంగా స్థిరపడ్డారు. దాని నేటి పేరు కమ్యూనిటీ ఆఫ్ క్రైస్ట్.

ఎమ్మాకూ యంగ్‌కూ పడకపోవడానికి బహుభార్యాత్వం ఒక కారణమైతే, ఆస్తి ఇంకొకటి. స్మిత్ సొంత అప్పులు, సంఘం భూములు ఒకే పద్దులో కలిసిపోయాయి. ఏది ఎవరిదో విడదీయడం ఎవరి తరమూ కాలేదు. ఇదే తప్పు యంగ్ కూడా చేశాడు.

360 చుట్లకు ఒక మైలు

1846 ఫిబ్రవరి 4న మొదటి బండ్లు మిసిసిపీ దాటాయి. ఏప్రిల్ దాకా ఆగుదామనుకున్నది అరెస్టుల భయం వల్ల ముందుకు జరిగింది. సరిపడా తిండి లేనివాళ్ళు కూడా బయల్దేరిపోయారు. వానలకు అయోవా నేల బురద గుంటైంది. సుమారు 300 మైళ్ళకు నాలుగు నెలలు పట్టింది. ఆ ఏడు కొండలు దాటడం కుదరదని తేలిపోయింది.

డబ్బు రావడం మాత్రం అనుకోని వైపు నుంచి జరిగింది. మెక్సికోతో యుద్ధానికి దిగిన అమెరికా ప్రభుత్వం జూలైలో 500 మంది మార్మన్లను సైన్యంలో చేర్చుకుంది. ఒక్కో సైనికుడికి బట్టల భత్యం 42 డాలర్లు, అంటే మొత్తం 21,000 పైచిలుకు. అందులో మంచి భాగం కుటుంబాలకూ సంఘానికీ తిరిగొచ్చింది. తమను కాపాడని ప్రభుత్వానికి సైనికుల్ని ఇవ్వడం అప్పట్లో చాలామందికి మింగుడుపడలేదు. యంగ్‌కు నోట్లు కావాలి, అమెరికా ఆదివాసులైన ఇండియన్ల భూముల్లో చలికాలం విడిది చేయడానికి అనుమతీ కావాలి.

ఇప్పటి ఒమాహాలో భాగమైన వింటర్ క్వార్టర్స్‌లో ఆ చలికాలం కర్ర గుడిసెల్లోనూ నేల గుహల్లోనూ గడిచింది. కూరగాయలు లేక స్కర్వీ, చిత్తడి వల్ల జ్వరాలు వందలమందిని తీసుకుపోయాయి. 1847 జనవరి 14న దేవుడి మాటగా యంగ్ తన పేరిట వెలువరించిన ఏకైక లిఖిత ప్రకటన వచ్చింది. సంఘం దాన్ని తన గ్రంథాల్లో చేర్చుకుంది. అందులో సగం ప్రయాణపు ఏర్పాట్లే. వందమందికి ఒక నాయకుడు, యాభైకి ఒకడు, పదికి ఒకడు. ప్రతి గుంపూ విధవలను, అనాథలను, సైన్యంలోకి వెళ్ళినవాళ్ళ కుటుంబాలను వంతులవారీగా పంచుకోవాలి. వెళ్ళేవాళ్ళు ఉండిపోయేవాళ్ళ కోసం ఇళ్ళు కట్టి, పొలం దున్ని వెళ్ళాలి.

ఏప్రిల్‌లో ముందు దండు కదిలింది. 143 మంది మగవాళ్ళు, ముగ్గురు ఆడవాళ్ళు, ఇద్దరు పిల్లలు, 70కి పైగా బండ్లు. మగవాళ్ళలో ముగ్గురు నల్లజాతి బానిసలు: గ్రీన్ ఫ్లేక్, హార్క్ లే, ఆస్కర్ క్రాస్బీ.

విలియం క్లేటన్ అనే గుమాస్తాకు రోజూ ఎంత దూరం నడిచారో రాసే పని. ఎవరికి తోచినంత వాళ్ళు చెబుతుంటే విసిగిపోయి చక్రం చుట్టుకొలత కొలిచాడు. 14 అడుగుల 8 అంగుళాలు. 360 చుట్లు తిరిగితే సరిగ్గా 5,280 అడుగులు, అంటే మైలు. చక్రపు ఆకు ఒకదానికి ఎర్ర గుడ్డ కట్టి, మే 8న పొద్దంతా బండి పక్కన నడుస్తూ 4,070 చుట్లు లెక్కపెట్టాడు. 11 మైళ్ళు దాటింది. ఈ తలనొప్పి భరించలేక చెక్క పళ్ళచక్రాలతో కొలత యంత్రం కావాలని పట్టుబట్టాడు. లెక్కలు తెలిసిన అపొస్తలుడు ఓర్సన్ ప్రాట్ నమూనా వేశాడు, యాపిల్టన్ హార్మన్ చేసిపెట్టాడు. వింటర్ క్వార్టర్స్ నుంచి ఇప్పటి యూటా రాష్ట్రంలోని సాల్ట్‌లేక్ లోయకు 1,031 మైళ్ళని తేలింది. 1848లో అది దారి పుస్తకంగా అచ్చయింది. ఏ వాగు ఎన్నో మైలు దగ్గర వస్తుంది, గడ్డి ఎక్కడ దొరుకుతుంది, ఏ నీళ్ళు పశువులకు పనికిరావు అన్నది తర్వాత వచ్చే గుంపుకు ముందే తెలిసేది.

గొలుసుతో కొలిచిన ఊరు, వంతులతో పారిన నీరు

కొండజ్వరంతో బండిలో పడుకుని యంగ్ లోయలో అడుగుపెట్టింది 1847 జూలై 24న. అంతకు ముందు రోజే కొందరు నేల దున్నబోతే నాగళ్ళు విరిగాయి. సిటీ క్రీక్ వాగుకు చిన్న అడ్డుకట్ట వేసి నీళ్ళు మళ్ళించి, తడి ఆరకముందే దున్ని, బంగాళాదుంపలు పెట్టారు. తడిపి దున్నడం అన్న ఈ చిన్న పనితోనే అక్కడి సేద్యం మొదలైంది.

ఊరి పటం స్మిత్ పాత ఆలోచనే. దాన్ని నేల మీద పెట్టిన తీరు మన దగ్గర భూముల సర్వే తెలిసినవాళ్ళకు వెంటనే అర్థమవుతుంది. కొలత గుంటర్ గొలుసు, పొడవు 66 అడుగులు. రోడ్డు వెడల్పు రెండు గొలుసులు, అంటే 132 అడుగులు. ఒక్కో గడి పక్క పది గొలుసులు, కాబట్టి గడికి సరిగ్గా పదెకరాలు. అందులో ఎనిమిది స్థలాలు. ఒక్కోటి ఎకరం పాతిక సెంట్లు, తెలంగాణ లెక్కన 50 గుంటలు. ఇంటి పెరట్లోనే కూరగాయలు, పండ్లచెట్లు. పెద్ద పొలాలు ఊరి బయట. చిరునామాలన్నీ ఆలయం మూల నుంచి లెక్క. అందుకే అక్కడి ఇంటి చిరునామాలో వీధి పేరు బదులు '700 తూర్పు, 400 దక్షిణం' లాంటి అంకెలుంటాయి. కొత్తగా వెళ్ళినవాళ్ళను ఇది ఒక వారం తికమకపెడుతుంది, ఆ తర్వాత పటం చూడాల్సిన అవసరమే ఉండదు.

నీటి విషయంలో యంగ్ తూర్పు రాష్ట్రాల పద్ధతిని వదిలేశాడు. అక్కడ వాగు ఒడ్డున భూమి ఉన్నవాడికే నీటి మీద హక్కు. వాన చాలినంత కురిసే చోట అది చెల్లుతుంది. ఇక్కడ ఒడ్డున్నవాడు మొత్తం తాగేస్తే దిగువ ఊరు ఎండిపోతుంది. అందుకని వాగుల మీదా అడవి మీదా ఎవరికీ సొంత హక్కు లేదన్నారు. కాలువ తవ్వడానికి ఎన్ని రోజులు పనిచేశావో, ఎంత భూమి సాగు చేస్తున్నావో దాన్నిబట్టి నీటి వంతు. పంచడానికి ఊరికొక నీటి పెద్ద. తెలంగాణ చెరువుల కింద నీరటికాడు చేసే పనికి ఇది చాలా దగ్గర. తేడా ఏమిటంటే, అక్కడ పంపకంలో తగవు వస్తే మొదట తీర్చేవాడు బిషప్పు, అంటే స్థానిక సంఘపెద్ద. 1852 చట్టం ఈ అధికారాన్ని కౌంటీ కోర్టులకు ఇచ్చింది, ఆ కోర్టుల్లో కూర్చున్నవాళ్ళూ చాలాచోట్ల సంఘం పెద్దలే.

ఈ నమూనాను యంగ్ ఐడహో నుంచి కాలిఫోర్నియా దాకా 350కి పైగా ఊళ్ళలో అచ్చుగుద్దాడు. కొత్త ఊరికి పంపేటప్పుడు కమ్మరి, వడ్రంగి, మర ఆడించేవాడు, చెప్పులు కుట్టేవాడు ఉండేలా పేర్లు చూసి పిలిచేవారు. పిలుపు సభలో చదివేవారు. ముందుగా అడగడమంటూ ఉండేది కాదు. ఇది అందరికీ కలిసిరాలేదు. 1861లో వందల కుటుంబాలను పత్తి పండించమని దక్షిణాన సెయింట్ జార్జ్‌కు పంపితే, వర్జిన్ నది వరదలు వేసిన కట్టను వేసినట్టే కొట్టుకుపోయాయి. ఇనుము తయారీ, చక్కెర తయారీ కూడా అంతే. బీట్ నుంచి చక్కెర తీసే యంత్రాలను 1852లో కొండల మీదుగా ఎడ్లబండ్లలో తెచ్చారు. బయటికొచ్చింది చేదు పాకం. రసంలోని మలినాలను తొలగించే రసాయన ప్రక్రియ తెలిసినవాళ్ళు లేరు. జనాన్నీ యంత్రాన్నీ పంపితే పరిశ్రమ వస్తుందనుకోవడం యంగ్ పదేపదే చేసిన పొరపాటు.

ఈ ఊళ్ళు లేచిన నేల ఖాళీది కాదు. యూట్, షోషోని, పాయూట్ తెగలవాళ్ళ గడ్డి, చేపలు, నీళ్ళు వలసదారుల పొలాల కిందికి పోయాయి. యుద్ధం కంటే తిండి పెట్టడం చౌక అని యంగ్ తర్వాత్తర్వాత చెప్పాడు గానీ, 1850లో యూటా లోయలో యూట్ల మీద దాడికి అనుమతి ఇచ్చింది కూడా అతనే.

అప్పు మీద వలస, పచ్చి కర్ర బండి

1849లో మొదలైన శాశ్వత వలస నిధి ఇలా నడిచింది: విరాళాలతో పేదవాడిని యూరప్ నుంచి తీసుకొస్తారు, అతను చేరాక పనిచేసి తీరుస్తాడు, ఆ డబ్బుతో మరొకడు వస్తాడు. కాగితం మీద నిధికి తరుగు లేదు. నిజానికి తీర్చేవాళ్ళు తక్కువ, ఎందుకంటే కొత్తగా వచ్చినవాడి చేతికి నోట్లు వచ్చేవి కావు, గోధుమలూ కూలిరోజులూ తప్ప. 1855 నాటికి మిడతలు, కరువు. దశమభాగం తగ్గింది, ఇంగ్లండ్‌లో ఎదురుచూసేవాళ్ళు పెరిగారు. ఎద్దులూ బండ్లూ కొనడమే పెద్ద ఖర్చు కాబట్టి వాటినే తీసేద్దామన్నాడు యంగ్. మనుషులే బండి లాగాలి.

పెద్దవాళ్ళకు 9 పౌండ్లకే లివర్‌పూల్ నుంచి సాల్ట్‌లేక్. బండికి సుమారు ఐదుగురు, డేరాకు 20 మంది. మనిషికి 17 పౌండ్ల సామాను, అంటే ఎనిమిది కిలోల లోపే. దుప్పట్లు, బట్టలు, వంటగిన్నెలు అన్నీ అందులోకే రావాలి. 1856 జూన్‌లో అయోవా సిటీ నుంచి కదిలిన మొదటి రెండు గుంపులు సెప్టెంబరు చివరికి చేరాయి. ఎడ్లబండ్ల కంటే వేగంగా నడిచాయి.

ఆ ఏడాదే వెనకగా వచ్చిన విల్లీ, మార్టిన్ గుంపులకు తేదీలే ఎదురు తిరిగాయి. వాళ్ళ ఓడలు లివర్‌పూల్ విడిచిందే మేలో. అయోవా సిటీకి వచ్చేసరికి బండ్లు లేవు. ఉన్న కర్రతో హడావుడిగా చేశారు, అది ఆరని పచ్చి కర్ర. ఎండు గాలిలో అది ముడుచుకుపోయి, ఆకులు వదులై, కీళ్ళు ఊడాయి. చెక్క ఇరుసు మీద చెక్క చక్రం తిరుగుతుంటే మధ్యలో ఇసుక చేరి రెండింటినీ అరగదీసింది. కందెన తగినంత లేదు. పంది కొవ్వు, సబ్బు రాశారు, ఆ జిడ్డుకు ఇసుక ఇంకా అంటుకుంది. ప్రతి మరమ్మతూ ఒక పూట తినేసింది.

ఆగస్టులో ఫ్లోరెన్స్ (ఒకప్పటి వింటర్ క్వార్టర్స్) చేరాక ఆగాలా, సాగాలా అన్న చర్చ జరిగింది. దారి తెలిసిన లీవై సావేజ్ వద్దన్నాడు. ముసలివాళ్ళు, పసివాళ్ళు మంచులో పోతారని చెప్పాడు. పెద్దలు సాగుదామన్నారు, జనం చేతులెత్తారు. ముందుకెళ్ళడం విశ్వాసానికి గుర్తు, ఆగమనడం శంకకు గుర్తు అనుకున్న చోట ఆ ఓటు ఇంకోలా పడదు. సావేజ్ కూడా వెంటే వెళ్ళాడు.

ఆ పైన ఒకదాని మీద ఒకటి. ఒక్కో బండి మీద 98 పౌండ్ల పిండి బస్తా అదనంగా వేశారు. సెప్టెంబరులో విల్లీ గుంపు ఎడ్లు సుమారు 30 బెదిరి పారిపోయాయి, బస్తాలు మళ్ళీ మనుషుల మీద పడ్డాయి. లారమీ కోట దగ్గర ఉంటాయనుకున్న నిల్వలు లేవు. రోజుకు పౌను చొప్పున ఇచ్చే పిండి తగ్గుతూ వచ్చింది. బరువు తగ్గించమని మార్టిన్ గుంపు చేత దుప్పట్లు, కోట్లు పారేయించారు. అక్టోబరు 19న మంచు తుపాను పట్టుకుంది.

ఇంత వెనకబడి గుంపులు వస్తున్నాయని యంగ్‌కు తెలిసింది అక్టోబరు 4న, వాళ్ళను దారిలో దాటుకుని వచ్చిన అపొస్తలుడు ఫ్రాంక్లిన్ రిచర్డ్స్ చెప్పాక. మర్నాడు ఆదివారం సభలో ప్రసంగం మానేసి జాబితా చదివాడు. మంచి గుర్రాలు లేదా కంచరగాడిదల జతలు 60, బండ్లు 12 నుంచి 15, తోలేవాళ్ళు 40 మంది, పిండి 12 టన్నులు. అక్టోబరు 7న మొదటి బండ్లు కదిలాయి, 21న విల్లీ గుంపును చేరాయి. రెండు గుంపుల్లో సుమారు వెయ్యిమందికి 200 మందికి పైగా చనిపోయారు. కాళ్ళవేళ్ళు పోగొట్టుకున్నవాళ్ళు వేరే.

రక్షణ అంత వేగంగా జరగడం ఎంత నిజమో, పథకం తనదే అయ్యుండీ యంగ్ ఆ నవంబరులో తప్పంతా ఆలస్యంగా పంపినవాళ్ళ మీద వేయడం అంతే నిజం. చేతిబండ్లు 1860 దాకా సాగాయి. మొత్తం పది గుంపుల్లో సుమారు 3,000 మంది వచ్చారు. చివరికి దొరికిన విరుగుడు సులువైనది: 1861 నుంచి వసంతంలో యూటా నుంచే ఎద్దులతో ఖాళీ బండ్లు వెళ్ళి, శరత్కాలానికి జనాన్ని ఎక్కించుకుని వచ్చేవి. ఒకే ఋతువులో ఎద్దులు రానూపోనూ నడవగలవని తేలాక కొనుగోలు ఖర్చే తప్పింది. 1869లో రైలు వచ్చాక అదీ అక్కర్లేకపోయింది.

1857: కబురు రెండు రోజులు ఆలస్యం

1850లో యూటా భూభాగం (ఇంకా రాష్ట్రం కాని ప్రాంతం) ఏర్పడ్డప్పుడు అధ్యక్షుడు ఫిల్మోర్ యంగ్‌నే గవర్నర్‌గా నియమించాడు. సంఘాధ్యక్షుడు, గవర్నరు, ఇండియన్ వ్యవహారాల పర్యవేక్షకుడు ఒకే మనిషి. కేంద్రం పంపిన జడ్జీలు గొడవపడి తిరిగిపోయారు. 1857లో అధ్యక్షుడు బుకానన్ కొత్త గవర్నరుతో పాటు సుమారు 2,500 మంది సైనికులను పంపాడు. తీసేశామన్న ముక్క యంగ్‌కు అధికారికంగా రాయలేదు. అతను దాన్ని దండయాత్ర అనుకున్నాడు. ధాన్యం దాచమన్నాడు, వలసదారులకు అమ్మొద్దన్నాడు, సైనిక శాసనం ప్రకటించాడు.

ఆ వేడిలో ఆర్కన్సా నుంచి కాలిఫోర్నియా వెళ్తున్న ఒక వలస బండ్ల గుంపు దక్షిణ యూటా గుండా వచ్చింది. స్థానిక మార్మన్ దళం, వాళ్ళు కూడగట్టిన కొందరు పాయూట్లు కలిసి మౌంటెన్ మెడోస్ అనే చోట చుట్టుముట్టారు. సెప్టెంబరు 11న తెల్లజెండాతో వెళ్ళి, కాపాడతామని నమ్మించి ఆయుధాలు పెట్టించి సుమారు 120 మందిని చంపారు. 17 మంది చిన్నపిల్లలనే వదిలారు. దాడికి ముందు సలహా కోసం పంపిన జేమ్స్ హాస్లమ్ అనే రౌతుకు, వలసదారుల జోలికి పోవద్దని యంగ్ 10వ తేదీన ఉత్తరం ఇచ్చి పంపాడు. అది 13న చేరింది.

ఆ ఉత్తరం ఉంది కాబట్టి యంగ్ హత్యకు ఆజ్ఞ ఇవ్వలేదని ఎక్కువమంది చరిత్రకారుల అభిప్రాయం. అతని ప్రసంగాలు, ఇండియన్లతో పొత్తుల విధానం ఆ వాతావరణాన్ని తెచ్చాయని, ఆ తర్వాత నేరస్థులను ఏళ్ళ తరబడి కాచాడని కూడా వాళ్ళలో చాలామంది రాశారు. ఆజ్ఞ ఇచ్చాడనే వాదం కూడా ఉంది. శిక్ష పడింది ఒక్కడికే: దాడిలో ముందున్న జాన్ డి. లీని 1877 మార్చి 23న అదే స్థలంలో కాల్చి చంపారు.

సైన్యంతో పోరు మాత్రం పెద్ద నెత్తురు లేకుండా ముగిసింది. మార్మన్ దళాలు సరఫరా బండ్లను తగలబెట్టాయి, సైన్యం చలికి ఆగిపోయింది, 1858లో మార్మన్ల హితుడు థామస్ కేన్ రాయబారం నడిపాడు. సుమారు 30,000 మందిని ఇళ్ళల్లో గడ్డి నింపి దక్షిణానికి తరలించాడు యంగ్. సైన్యం వచ్చి ఆక్రమిస్తే నిప్పు పెట్టడానికి. జూన్ 26న సైన్యం ఖాళీ వీధుల గుండా నడిచిపోయింది. యంగ్ గవర్నర్ పదవి పోయింది, మాట మాత్రం చెల్లుతూనే ఉంది.

భార్యలు, ఆస్తి, న్యాయస్థానం

బహుభార్యాత్వాన్ని స్మిత్ రహస్యంగా మొదలుపెట్టాడు. యంగ్ 1852 ఆగస్టు సభలో బయటపెట్టించాడు. అతని భార్యలు ఒక లెక్కన 55 మంది. వాళ్ళలో 16 మందికి మొత్తం 56 లేదా 57 మంది పిల్లలు. లెక్కల్లో తేడాకు కారణం ఉంది. కొన్ని ఈ లోకంలో కాపురానికి కాక పరలోకానికని ముడివేసిన పెళ్ళిళ్ళు, కొన్ని వయసు మళ్ళిన విధవలకు ఆసరా, కొన్ని విడాకులతో ముగిశాయి. ఆన్ ఎలైజా వెబ్ 1873లో విడాకుల దావా వేసి, దేశమంతా తిరిగి ఉపన్యాసాలిచ్చింది. భరణం కట్టనందుకు యంగ్ 1875లో ఒక రాత్రి జైల్లో గడిపాడు.

1862 చట్టం బహుభార్యాత్వాన్ని నేరం చేయడంతో పాటు భూభాగాల్లో మతసంఘాల స్థిరాస్తిని 50,000 డాలర్లకు పరిమితం చేసింది. అందువల్ల సంఘం ఆస్తులు చాలావరకు యంగ్ పేరు మీదికి వచ్చాయి. అతను పోయాక వారసులు, సంఘం ఒకే పద్దు మీద తగవుపడి కోర్టుకెళ్ళారు. నావూలో ఎమ్మా దగ్గర మొదలైన కథే.

ఆ చట్టం మీద పరీక్షగా నిలిచినవాడు యంగ్ కార్యదర్శి జార్జ్ రేనాల్డ్స్. 1879 తీర్పులో అమెరికా సుప్రీంకోర్టు, విశ్వాసం వేరు, ఆచరణ వేరు అంటూ భర్త చితి మీద కాలిపోవడం తన ధర్మమని నమ్మే భార్యను ప్రభుత్వం ఆపలేదా అని అడిగింది. భారతదేశపు సతి అలా మార్మన్ కేసులోకి వచ్చింది. 1890 నాటి డేవిస్ కేసులో మతమంటే సృష్టికర్తతో మనిషికున్న సంబంధం గురించిన అభిప్రాయాలని చెప్పింది. అది కూడా మార్మన్ల కేసే, ఐడహోలో వాళ్ళ ఓటుహక్కు గురించి. ఆ నిర్వచనమే 1954లో మద్రాసు దేవాదాయ చట్టం మీద నడిచిన శిరూరు మఠం కేసులో మన సుప్రీంకోర్టు ముందుకొచ్చింది. సృష్టికర్త లేని బౌద్ధ, జైనాలు కూడా మతాలే కదా అని కోర్టు దాన్ని సరిపోదంది. ఆచారాలు, క్రతువులు కూడా మతంలో భాగమేనని తేల్చింది. మన ఆలయాల పాలన మీద జరిగే వాదాల్లో ఇప్పటికీ ఉటంకించే తీర్పు వెనక యూటా, ఐడహో గొడవల నీడ ఉంది.

1852 యూటాకు ఇంకో మచ్చ తెచ్చింది. యంగ్ అడగ్గా శాసనసభ బానిసత్వానికి చట్టబద్ధత ఇచ్చింది. నల్లజాతి మగవాళ్ళకు యాజకత్వం లేదన్న నిషేధాన్ని అతను అదే ఏడాది బాహాటంగా ప్రకటించాడు. స్మిత్ కాలంలో నల్లజాతివాళ్ళు కొందరు యాజకులయ్యారు. నిషేధం పోయింది 1978లో. అధ్యక్షుడి మాటకు అప్పీలు లేని నిర్మాణంలో ఒక మనిషి అభిప్రాయం 126 ఏళ్ళు నియమంగా ఎలా నిలిచిందో దీన్ని మించిన ఉదాహరణ అక్కర్లేదు.

చివరి ఏడాది సర్దుబాటు

యంగ్ మొదలుపెట్టినవి ఇంకా చాలా ఉన్నాయి. 1868లో సహకార దుకాణం, 1870 నాటికి సొంత రైలు మార్గం, 1875లో ప్రోవోలో ఒక విద్యాలయం. వలసవచ్చిన డేన్‌లూ స్వీడ్‌లూ ఇంగ్లిష్ స్పెల్లింగు నేర్చుకోలేక పడే అవస్థ చూసి 38 అక్షరాల కొత్త లిపి కూడా తయారు చేయించాడు. పలికినట్టే రాసే తెలుగువాళ్ళకు అందులో సబబు కనిపిస్తుంది. జనం మాత్రం పట్టించుకోలేదు. బయట చదవడానికి ఆ లిపిలో ఏమీ లేదు మరి.

75 ఏళ్ళు దాటాక 1877లో అతను చేసిన పని తక్కువమందికి తెలుసు, ఎక్కువకాలం నిలిచింది అదే. అప్పటిదాకా వార్డుకూ (ఒక పేటలోని సంఘం), దాని పైనున్న స్టేక్‌కూ (కొన్ని వార్డుల సముదాయం) ఎవరి అధికారం ఎంతో ఊరికో తీరుగా ఉండేది. పెద్దలు ఏళ్ళ తరబడి పదవుల్లో నిలిచిపోయారు, అపొస్తలులు స్టేకులను కూడా ఏలుతున్నారు. యంగ్ అపొస్తలులను ఆ పని నుంచి తప్పించాడు. ప్రతి స్టేకుకూ ఒక అధ్యక్షుడు, ఇద్దరు సలహాదారులు. ప్రతి వార్డుకూ ఒక బిషప్పు, ఇద్దరు సలహాదారులు. పద్దులు, సభ్యుల లెక్కలు నియమిత గడువులకు పైకి రావాలి. రెండేళ్ళ ముందే అపొస్తలుల వరుసను సరిచేసి, మధ్యలో సంఘాన్ని విడిచి మళ్ళీ వచ్చినవాళ్ళను వెనక్కి జరిపాడు. 1844 నాటి రభస మళ్ళీ రాకుండా వేసిన మేకు అది. ఆగస్టు 29న కడుపునొప్పితో చనిపోయాడు. బహుశా అపెండిక్స్ పగిలి ఉంటుందని తర్వాతి వైద్యుల అంచనా. వరుసలో ముందున్న జాన్ టేలర్ పోటీ లేకుండా నాయకుడయ్యాడు.

ఆ వరుసే ఇప్పటికీ చెల్లుతోంది. 2025 సెప్టెంబరులో రస్సెల్ నెల్సన్ 101వ ఏట చనిపోతే, అపొస్తలుల్లో అందరికంటే ముందు చేరిన డాలిన్ ఓక్స్ అక్టోబరులో అధ్యక్షుడయ్యాడు. ఎన్నిక, ప్రచారం ఏవీ లేవు.

తెలుగు నేలతో ఈ కథకు ముడి రెండుసార్లు పడింది. బహుభార్యాత్వాన్ని ప్రకటించిన 1852 ఆగస్టు సభలోనే భారతదేశానికి ప్రచారకులను పిలిచారు. వాళ్ళలో రిచర్డ్ బాలంటైన్ 1853లో మద్రాసులో దిగి పత్రిక నడిపాడు. బహుభార్యాత్వం కబురు అతనికంటే ముందే పాకింది. కొద్దిమందే చేరారు, ఏడాది తిరగ్గానే వెనుదిరిగాడు. రెండోసారి 2012 మేలో. భారతదేశంలో మొట్టమొదటి స్టేక్ హైదరాబాదులో ఏర్పడింది. ఒక అధ్యక్షుడు, ఇద్దరు సలహాదారులు, కింద వార్డులు, వార్డుకొక బిషప్పు. దాన్ని ఏర్పాటు చేయడానికి వచ్చిన అపొస్తలుడు డాలిన్ ఓక్స్.